పదిహేను నిమిషాల కోడి వేపుడు: ఎవరి గడియారం ప్రకారం?

ఈ మధ్య వనపర్తి దగ్గర ఒక ఊళ్ళో పొదుపు సంఘాల స్త్రీలకు పోషకాహారం మీద శిక్షణ పెట్టారు. మేమూ వెళ్ళాం. గోడకు ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. దాని మీద ఎర్ర అక్షరాలతో 'త్వరగా, ఆరోగ్యంగా - సిమ్లా మిర్చితో కోడి వేపుడు, పదిహేను నిమిషాల్లో' అని రాశారు. చెప్పడానికొచ్చిన అమ్మాయి మంచి పిల్ల. ఓపిగ్గా, నవ్వుతూ చెప్పింది. చివర మాత్రం, "చూశారుగా, ఇంత తేలిక. మీ కుటుంబం ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది, టైం లేదనే సాకు ఇక చెల్లదు" అంది. ఇలాంటి శిక్షణలన్నిటిలోనూ వినిపించే మాటే అది.

వెనక వరసలో కూర్చున్న ఒకామె లేచింది. "మేడం, ఆ పదిహేను నిమిషాలు యాడికెల్లి లెక్కవెట్టిండ్రు? కోడి దుకాణంల ఉన్నకాడి సందా, ముక్కలు మూకుట్ల వడ్డకాడి సందా?"

అందరూ ఘొల్లున నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. నవ్వడం వరకే జరిగింది. ఆమె అడిగిన ప్రశ్నకు గోడ మీది కాగితంలో జవాబు లేదు. ఆ శిక్షణ పుస్తకంలో లేదు. మనం ఏళ్ళ తరబడి వేస్తున్న కరపత్రాల్లో కూడా సరిగ్గా లేదు. అందుకే ఇది రాయాల్సి వస్తోంది.

ముందుగా ఒక మాట. ఆ వంటతో మనకు తగాదా లేదు. అది నిజంగా మంచి వంట. అర కిలో కోడిమాంసం చిన్న ముక్కలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించాలి. ఇనుప మూకుడు బాగా కాగాక రెండు చెంచాల పల్లీ నూనె వేసి, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, సెగ తగ్గించకుండా వేయించాలి. కిక్కిరిసిపోతే ముక్క నీరు వదిలి ఉడుకుతుంది, వేగదు. లోపల ఎర్రదనం పోయి పూర్తిగా ఉడికాక ఉల్లిగడ్డ, ఆ తర్వాత సన్నగా చీల్చిన సిమ్లా మిర్చి వేసి రెండు మూడు నిమిషాలు తిప్పి దించేయాలి. మిర్చి మెత్తబడకూడదు, పంటి కింద కరకరమనాలి. పైన నిమ్మకాయ పిండుకోవాలి. నూనె తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. సిమ్లా మిర్చిలో విటమిన్ సి దండిగా ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే అది నశిస్తుంది కాబట్టి చివర వేసి త్వరగా దించడంలో అర్థముంది. తిండిలోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. జొన్నల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటపట్టడానికి పక్కన కాస్త మాంసం ఉండటమూ సాయపడుతుంది. ఇనుప మూకుట్లో పులుపు తగిలితే కొంత ఇనుము కూరలోకి కూడా దిగుతుంది. కార్జం కలిపితే మరీ మంచిది, కోడిలో ఇనుము ఎక్కువుండేది అక్కడే. సిమ్లా మిర్చి సంతలో ప్రతి వారం దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. పచ్చిమిర్చి, టమాట, మునగాకు వేసుకున్నా ఫలితం దాదాపు అదే. (మన పూర్వీకుల వంట అని ఎవరైనా గొప్పలు పోతే, మిరపకాయ పచ్చిదైనా పెద్దదైనా నాలుగైదు వందల ఏళ్ళ కింద అమెరికా ఖండం నుంచి ఓడల్లో వచ్చిందేనని గుర్తు చేయండి. వంటింట్లో మారనిది మిరపకాయ కాదు, మూకుడు దగ్గర నిలబడే మనిషి.)

ఇక ఆ పదిహేను నిమిషాల సంగతి. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మేం అదే కాగితాన్ని తిరగేసి, వెనక వైపు లెక్క రాయడం మొదలుపెట్టాం. స్త్రీలు చెప్తుంటే ఒక ఇంటర్ చదివే పిల్ల రాసింది. కోడి దుకాణం దాకా పోయి నిలబడి, కొట్టించుకుని రావడం. కడగడానికి నీళ్ళు, ఆ నీళ్ళు తేవడం. గ్యాసు అయిపోయి ఉంటే కట్టెలు. అల్లం వెల్లుల్లి దంచడం, ఉల్లిగడ్డలు కోయడం. పొయ్యి మీద మూకుడు ఉండగానే చంటిదాన్ని ఎత్తుకోవడం, మామకు చాయ్ పెట్టడం. వేపుడు ఒక్కటే తిని ఎవరూ లేవరు కదా, రొట్టెలు కావాలి. జొన్నరొట్టె గురించి ఈ వంటల పేజీలు రాసేవాళ్ళకు తెలియదు కాబోలు. వేడినీళ్ళతో పిండి పిసికి, ఒక్కో రొట్టె చేత్తో తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డ అద్ది, తిప్పి కాల్చాలి. ఆరుగురున్న ఇంట్లో ఒక్కొక్కరికి రెండేసి వేసుకున్నా పన్నెండు రొట్టెలు. పదిహేను నిమిషాలు ఆ రొట్టెల్లో మూడోవంతుకు కూడా చాలవు. తర్వాత వడ్డన. తర్వాత మూకుడు, పెనం, గిన్నెలు, కోడి కడిగిన చోటు నీచువాసన పోయేదాకా కడగడం. రాసుకున్నవి కూడితే మూడు గంటలు దాటాయి. కాగితం ముందు వైపున పదిహేను నిమిషాలు, వెనక వైపున మూడు గంటలు. రెండూ ఒకే వంట.

వంటల పేజీ అబద్ధం చెప్తోందని అనలేం. ముక్క మూకుట్లో ఉన్న సేపు నిజంగానే అంతే. కానీ మిగతా పనిని అది పనిగా చూడదు. అది తనంతట తాను జరిగిపోతుందని అనుకుంటుంది. నీళ్ళు బిందెలో ఉంటాయి, పాత్రలు తోమి ఉంటాయి, ఉల్లిగడ్డలు తరిగి గిన్నెలో ఉంటాయి. ఎవరు ఉంచారు? ఎవరి చేతులవి? సినిమాలో తెర వెనక మనుషులకు కనీసం చివర్లో పేర్లు వేస్తారు.

వీళ్ళ లెక్కను అతిశయోక్తి అనేవాళ్ళ కోసం సర్కారు లెక్కే చెబుదాం. 2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంట్లో వాళ్ళ కోసం జీతం లేకుండా ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే ఉన్నారు, అంటే దాదాపు అయిదు గంటలు. మగవాళ్ళు 97 నిమిషాలు. ఈ 97 చూసి ఫరవాలేదే అనుకోకండి. అది మగవాళ్ళందరి సగటు కాదు, ఆ రోజు ఇంటిపని ఎంతో కొంత చేసిన వాళ్ళది మాత్రమే. అలా చేసినవాళ్ళు నూటికి 26 మంది. స్త్రీలలో నూటికి 81 మంది. మళ్ళీ 2024లో సర్వే చేశారు. స్త్రీల సగటు 289 నిమిషాలకు తగ్గింది. మగవాళ్ళది 88కి తగ్గింది! గ్యాసు వచ్చింది, మిక్సీ వచ్చింది, పదిహేను నిమిషాల వంటలు వందల కొద్దీ వచ్చాయి. అయిదేళ్ళలో ఆడవాళ్ళకు మిగిలింది పది నిమిషాలు, మగవాళ్ళకు మిగిలింది తొమ్మిది.

చట్టం దగ్గరికి వెళ్తే ఇంకో వింత. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలను పనిచేయని వాళ్ళ కింద, బిచ్చగాళ్ళు, ఖైదీలతో కలిపి ఒకే గంపలో వేశారని 2010లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. 2021 జనవరిలో, ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తల పరిహారం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఇంటిపని విలువ గురించి విడిగా తీర్పు రాశారు. పైన చెప్పిన 299, 97 లెక్కల్ని అందులో ఎత్తి చూపారు. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 16 కోట్ల మంది స్త్రీలు తమ ప్రధాన వృత్తి ఇంటిపనేనని చెప్పుకుంటే, అలా చెప్పిన మగవాళ్ళు 58 లక్షలైనా లేరని గుర్తు చేశారు. మంచి తీర్పు, ఆహ్వానించాల్సిందే. కాకపోతే ఒక్క విషయం మింగుడుపడదు. మన దేశంలో ఒక స్త్రీ చేసిన వంటకు రూపాయల్లో వెల కట్టాలంటే ఆమె లారీ కింద పడి చచ్చిపోవాలి. బతికుండగా కట్టే కోర్టు లేదు.

మన మూడు జిల్లాల్లో ఈ గడియారం ఇంకా క్రూరంగా తిరుగుతుంది. గద్వాల చుట్టూ విత్తన పత్తి పండిస్తారు. క్రాసింగ్ రోజుల్లో సాయంత్రం పూట ఆడ మొక్కల మొగ్గల్ని గోటితో ఒలిచి లోపలి మగ భాగం తీసేయాలి, తెల్లారి వచ్చి ఆ పూలకు మగ పువ్వుల పుప్పొడి అద్దాలి. ఒక్కో మొగ్గ, ఒక్కో పువ్వు. వేళ్ళు సన్నగా ఉంటాయని ఆడవాళ్ళను, ఆడపిల్లలను పెట్టుకునే పని ఇది. ఎన్నో ఏళ్ళుగా దీని మీద పోరాటం నడుస్తోంది. పొద్దున పువ్వు వేళకు చేన్లో ఉండాలి, సాయంత్రం మొగ్గ వేళకు చేన్లో ఉండాలి. మరి వంట ఏ వేళకు? చీకటితో లేచి, చీకటి పడ్డాక వచ్చి. తల్లి చేనుకు పోతే పొయ్యి దగ్గరికి దిగేది కొడుకు కాదు, బడి మానేసిన కూతురు.

గద్వాల చీర సంగతి చూడండి. నూలు ఒళ్ళు, పట్టు అంచు, పట్టు కొంగు, దేశమంతా పేరు. మగ్గం మీద కూర్చున్నాయన నేతగాడు. పక్కన కండెలు చుట్టే భార్యను ఏమంటారు? ఏమీ అనరు. 'ఇంట్లో ఆమె కొంచెం సాయం చేస్తది' అంటారు. పొద్దంతా కండెలు చుట్టి, మధ్యలో లేచి వండి, మళ్ళీ కండెల దగ్గర కూర్చున్న మనిషి చేసింది సాయమట!

ఇక పాలమూరు లేబర్. మేస్త్రీ వెంట గుంపు కట్టి పోయి ఈ దేశంలో ఎన్ని డ్యాములు, ఎన్ని కాలువలు తవ్వారో లెక్కలేదు. ఆ గుంపులో ఆడమనిషి మట్టి తట్ట మోసిన చేత్తోనే సాయంత్రం మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. ఇద్దరూ ఒకే పనికి పోయారు, ఒకే ఎండలో ఎండారు. దిగిన పొద్దుకు ఒకరు బీడీ వెలిగించారు, ఒకరు పొయ్యి వెలిగించారు. 2016లో ఉమ్మడి మహబూబ్‌నగర్‌ను విడగొట్టి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు చేశారు. కలెక్టరేట్లు దగ్గరయ్యాయి. పొయ్యి మాత్రం ఎవరి దగ్గర ఉండేదో వారి దగ్గరే ఉంది.

అన్నిటికన్నా పెద్ద మాట ఇంకా మిగిలే ఉంది. 'ఆరోగ్యకరమైన వంట' అంటున్నారు. ఎవరి ఆరోగ్యానికి? అర కిలో కోడి ఆరుగురికి వండితే పళ్ళెంలో పడే వరస మనకందరికీ తెలుసు. మొదట మామ, తర్వాత భర్త, తర్వాత కొడుకు. కాలు ముక్క కొడుక్కి. కార్జం 'మందు'లోకి నంజుడుగా ముందే పోయి ఉంటుంది. కూతురికి రెక్క. అత్తకు పళ్ళు లేవు కాబట్టి పులుసు. వండినామెకు మూకుడు అడుగున ఉన్న మెడ ముక్క, నాలుగు సిమ్లా మిర్చి తొక్కలు, రొట్టెతో తుడుచుకునే మసాలా. ఒక సోదరి చాలా మామూలుగా, ఫిర్యాదులా కూడా కాకుండా చెప్పింది: "ఒండేటోళ్ళకు వాసనకే కడుపు నిండుతదక్కా." ఈ మాట ఆమెకు ఎవరు నేర్పారు? వాళ్ళమ్మ. వాళ్ళమ్మకు వాళ్ళమ్మ.

వాసనతో నెత్తురు పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతకుముందు సర్వేలో 56.6. తగ్గాల్సింది పోయి కాస్త పెరిగింది. వండే చేతికే నెత్తురు లేదు! ఈ దేశంలో ఎవరికీ ఇది వింతగా తోచదు.

సర్కారుకు ఈ వరస తెలియదా? బాగా తెలుసు. 2015 జనవరి నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు పెట్టే పథకం వచ్చింది. అక్కడే ఎందుకు పెట్టాలి? సరుకులిచ్చి ఇంటికి పంపొచ్చు కదా? పంపితే ఆమె నోటికి చేరవని అనుభవంలో తేలింది కాబట్టి. ఇంట్లో గర్భిణి పళ్ళెం భద్రంగా లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అలాంటి ఇంటి లోపలికి పదిహేను నిమిషాల వంట కాగితం పంపి 'ఆరోగ్యం నీ చేతుల్లో ఉంది' అంటే, గరిటె మాత్రమే ఆమె చేతిలో ఉంది, పళ్ళెం లేదు అని జవాబు చెప్పాలి.

ఈ మాటలు మాట్లాడితే వచ్చే అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి. మొదటిది మన ఉద్యమాల్లోని మగవాళ్ళదే. 'కూలి రేట్లు, భూమి, నీళ్ళు, ఇవీ అసలు సమస్యలు. ముక్క ఎవరు తిన్నారన్నది చిన్న విషయం' అంటారు. ఆ మాట అనేది సాధారణంగా సమావేశం అయ్యాక ఇంటికి పోయి వేడి వేడి అన్నం తినే మనిషి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు సారా దుకాణం మీదికి వెళ్ళినప్పుడు కూడా ఇది ఇంటి గొడవ అన్నవాళ్ళున్నారు. ఆ ఇంటి గొడవే మరుసటి ఏడాది అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చింది. కుండలో గింజ లేకపోవడం దగ్గరే వాళ్ళ రాజకీయం మొదలైంది.

రెండోది, 'గ్యాసొచ్చింది కదా' అనేది. వచ్చింది, కాదనం. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్వల, 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో 500 రూపాయల సిలిండరు. పొగ తగ్గింది, కళ్ళ మంట తగ్గింది, దగ్గు తగ్గింది. అవి స్త్రీలకు దక్కాల్సిన హక్కులే, ఎవరి దయా కాదు. కానీ గమనించండి, ప్రతి పథకం ఫొటోలోనూ పొయ్యి పక్కన చీర కట్టుకున్న మనిషే ఉంటుంది. పొయ్యి మారింది, బొమ్మ మారలేదు.

మూడోది కొంచెం మెత్తగా వచ్చేది. 'వాళ్ళకు వంట చేతకాదమ్మా.' దీనికి జవాబు మన ఊళ్ళలోనే ఉంది. ఊళ్ళో దావత్ అయితే యాటను కోసేదెవరు? చెట్టు కింద పెద్ద గంజుల్లో బగారన్నం, మటన్ వండేదెవరు? మగవాళ్ళే కదా! పెళ్ళిళ్ళలో వంట మాస్టర్లు మగవాళ్ళే, హోటళ్ళలోనూ మగవాళ్ళే. అక్కడ దాన్ని పని అంటారు, చేతివాటం అంటారు, రూపాయలిస్తారు. నూరు మందికి వండే చేయి ఇంటి గడప దాటి లోపలికి రాగానే ఎందుకు చచ్చుబడుతుంది? వంట రాకపోవడం వల్ల కాదు. ఇంట్లో ఆ పనికి డబ్బూ లేదు, మర్యాదా లేదు, ముగింపూ లేదు కాబట్టి.

అదే వంటను ఆడవాళ్ళు బయట చేస్తే ఏమవుతుందో బడుల్లో మధ్యాహ్న భోజనం వండే వాళ్ళను అడగండి. 2009లో కేంద్రం వాళ్ళకు నిర్ణయించింది నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలకే. తెలంగాణలో తర్వాత దాన్ని 3000 చేశారు. ఎన్నో ధర్నాల తర్వాత. దాన్ని జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి ఏ గౌరవం దక్కిందో ఆ పేరు పెట్టినవాళ్ళే చెప్పాలి. ఇంట్లో ఊరికే చేసేదే కదా అన్న చూపే ఆ అంకెను నిర్ణయించింది. అందుకే ఇంటి వంట వెల, బయటి వంట కూలి వేర్వేరు పోరాటాలు కావు.

1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్‌లో స్త్రీలు ఒక్క రోజు ఉద్యోగాలు, వంట, పిల్లల పెంపకం అన్నీ మానేసి వీధిలోకి వచ్చారు. నూటికి తొంభై మంది. ఆ రోజు దుకాణాల్లో సాసేజీలు, అంటే తయారుగా దొరికే మాంసం చుట్టలు, మొత్తం అమ్ముడుపోయాయట. తండ్రులు కొన్నారు, పిల్లలకు అంతకన్నా తేలిగ్గా వండగలిగేది వాళ్ళకు ఏదీ తెలియక. నిజానికి పదిహేను నిమిషాల వంట కాగితం అవసరమైంది ఆ తండ్రులకు! మనం దాన్ని ఏ మాత్రం అవసరం లేని వాళ్ళకు, మూడు గంటల పని చేయగలిగిన వాళ్ళకు పంచుతున్నాం.

అందుకే క్షేత్రంలో పనిచేసే మిత్రులకు మా మాట. పోషకాహార శిక్షణలకు ఆడవాళ్ళను మాత్రమే పిలవడం మానండి. మీ దాతల ఫారాల్లో 'లబ్ధిదారులు: తల్లులు' అని అచ్చయి ఉంటే, ఆ గడి కొట్టేసి తిరగరాసి పంపండి. కాగితం మీద సమయం రాసేటప్పుడు నీళ్ళు, కోత, రొట్టె, గిన్నెలు కలిపి రాయండి. ముక్కలు ఎన్నో, తినేవాళ్ళు ఎందరో, ఎవరి పళ్ళెంలో ఎన్ని పడాలో కూడా రాయండి, వండినామె పళ్ళెంతో మొదలుపెట్టి. మగవాళ్ళు వండితే 'సాయం చేశాడు' అని చప్పట్లు కొట్టకండి. ఆ కూర ఆయన కూడా తింటాడు.

ఆ రోజు శిక్షణ ముగిశాక ఒక చిన్న తీర్మానం జరిగింది. వచ్చే నెల ఆ ఊళ్ళోనే సంఘం స్త్రీల భర్తలను, పెళ్ళీడు కొడుకులను పిలిచి, అదే కాగితం పెట్టి వండించాలని. కోడి, సిమ్లా మిర్చి, పల్లీ నూనె వాళ్ళే తేవాలి. రొట్టెలూ వాళ్ళే తట్టాలి. ముందు ఎవరు తినాలన్న దాని మీద పెద్ద వాదనేమీ జరగలేదు. గిన్నెలు తోమే దగ్గర మాత్రం చాలాసేపు నడిచింది, కొందరు 'పాపం, అదొక్కటి మేం జేస్తం' అన్నారు. వెనక వరసలో మొదట ప్రశ్న అడిగిన ఆమె ఒప్పుకోలేదు. మూకుడు ఆమె ఇంటిది. తోమి, నల్లగా మెరిసేలా చేసి, సాయంత్రం లోపు తన ఇంటికి చేర్చాలని షరతు పెట్టి, అది రాయించి, వేలిముద్ర కాకుండా సంతకం చేసింది.